మీ చేతి గోంగూర పచ్చడి కావాలి పిన్నిగారూ!

ఈ కార్తీకమాసంలో మీ అపార్ట్‌మెంట్ వనభోజనాలు మీ చేతుల మీదుగా జరగబోతున్నాయి. ఇంకా తేదీ కూడా అనుకోలేదు కదా అంటారా? ఇది చదవడం పూర్తయ్యేసరికి అనుకుంటారు.

40 మందికి భోజనం అనగానే గుండె దడదడలాడుతోందా? ఆగండి. ఆ 40 మందికీ మీరు వండక్కర్లేదు. వాళ్ల చేత వండించి తెప్పిస్తే చాలు. దానికి పెద్ద వంటగది అక్కర్లేదు. కేటరింగ్ బడ్జెట్ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, ఒక ఫోన్, అడగడానికి మొహమాటపడని మనసు ఉండాలి. మొదటి రెండూ మీ దగ్గర ఉన్నాయి. మూడోది ఈ వారంలో వచ్చేస్తుంది.

దీన్నే ఇప్పుడు పాట్‌లక్ అంటున్నాం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఇది కొట్టిన పిండి. మాట మాత్రం చాలా పాతది. 16వ శతాబ్దం చివర్లో థామస్ నాష్ అనే ఇంగ్లిష్ రచయిత రాతల్లోనే కనిపిస్తుంది. అప్పుడు దాని అర్థం వేరు. చెప్పాపెట్టకుండా వచ్చిన అతిథికి ఆ పూట కుండలో ఏది ఉంటే అది పెట్టడం. ఏం దొరుకుతుందో అతని అదృష్టం! మీరు ఆ అదృష్టం సంగతి తీసేయండి. దాని స్థానంలో ప్లానింగ్ పెట్టండి.

పరాయి అలవాటేమో అని సందేహమా? సద్దుల బతుకమ్మ సాయంత్రం తెలంగాణలో ఏ చెరువుగట్టుకైనా వెళ్లి చూడండి. ఒకరు నువ్వుల సద్ది తెస్తారు. ఒకరు పల్లీల సద్ది, ఒకరు పెరుగు సద్ది, ఇంకొకరు మలీద ముద్దలు. బతుకమ్మను నీళ్లలో వదిలాక ఒకరి సద్ది ఒకరు పంచుకుని తింటారు. పాట్‌లక్ అనే మాట తెలియకముందే మన అమ్మమ్మలకు ఆ పని తెలుసు.

"తలా ఒకటి" అనకండి

మా అపార్ట్‌మెంట్‌లో మొదటి ఏడాది గ్రూప్‌లో మెసేజ్ పెట్టింది నేనే. "ఆదివారం వనభోజనాలు. అందరూ తలా ఒకటి తీసుకురండి." వరసగా బొటనవేళ్లు, దణ్ణాలు, పువ్వులు వచ్చాయి. నాకు ధైర్యం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం చాపల మీద ఏడు గిన్నెల పులిహోర. తెల్లన్నం లేదు. పెరుగు లేదు. రెండేళ్ల పిల్లాణ్ణి చంకనేసుకుని ఒక తల్లి, వాడికి కారం లేనిదేదైనా దొరుకుతుందేమోనని గిన్నె గిన్నె మూత తీసి చూసింది. ఆ దృశ్యం నాకిప్పటికీ బాధే. ఎవరి తప్పూ లేదు. అందరూ ప్రేమగా చేసి తెచ్చారు. "తలా ఒకటి" అన్న నా మాటలోనే లోపం ఉంది.

ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజినీర్ మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పుడు పెట్టినంత బలం గుంపులో కలిసి లాగినప్పుడు మనిషి పెట్టడం లేదు. గుంపు పెరిగేకొద్దీ తలా పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. పక్కవాడు లాగుతున్నాడులే అనే భరోసా దానికి ఒక కారణం. మీ వాట్సాప్ గ్రూప్‌లో జరిగేదీ ఇదే. పెరుగు ఎవరో ఒకరు తెస్తారులే అని అందరూ అనుకుంటారు. "అందరూ" అని పిలిస్తే ఎవరూ పలకరు. పేరు పెట్టి పిలవండి. పలుకుతారు.

అందుకే మొదటి అలవాటు ఇది: గ్రూప్‌లో ప్రకటించండి, ఫోన్‌లో అడగండి. ప్రకటన తేదీ చెప్పడానికి. అడగడం మాత్రం ఒక్కొక్కరిని, విడిగా, గొంతుతో.

అడిగే మాటలో నాలుగు ఉండాలి. ఏమిటి, ఎంత, ఎన్నింటికి, ఎందుకు మీరే.

"పిన్నిగారూ, ఆదివారం మీ చేతి గోంగూర పచ్చడి కావాలి. ముప్పావు కిలో చాలు. కార్తీకం కదా, వెల్లుల్లి వెయ్యకండి. పన్నెండుంపావుకల్లా కిందికి పంపితే నేను దగ్గరుండి పెట్టిస్తాను. గోంగూరలో మీ చెయ్యి పడితే ఆ రుచే వేరు."

ఒకసారి పైకి చదవండి. అవతల మనిషి కాదనగలరా? ఆఖరి వాక్యం మాత్రం నిజమై ఉండాలి. అందుకోసం మీరు మనుషులను గమనించడం మొదలుపెట్టాలి. ఎవరింట్లో మునక్కాయ సాంబారు బాగుంటుంది, ఎవరికి బొబ్బట్లు పొరలు పొరలుగా వస్తాయి. ఇవి మీ నోట్‌బుక్‌లో ఉండాలి. ఏడాది పొడుగునా రాసుకోండి. మనుషుల్లో మంచిని చూసి గుర్తుపెట్టుకోవడం కూడా సాధన చేస్తే వచ్చే విద్యే.

ఇంకో మాట, కొంచెం గట్టిగానే చెబుతున్నాను. నోట్‌బుక్‌లో ఫ్లాట్ నంబర్ రాసి ఊరుకోకండి. మనిషి పేరు రాయండి. "మేం గుత్తి వంకాయ తెస్తాం" అని గ్రూప్‌లో భర్త హుషారుగా రాస్తాడు. భార్యకు శనివారం రాత్రి తెలుస్తుంది. ఇది మనం చాలా ఇళ్లలో చూస్తున్నదే. మీరు దాన్ని మార్చగలరు. "అన్నయ్యగారూ, గుత్తి వంకాయ మీ పేరు మీద రాస్తున్నాను. మీరే చేస్తారా, వదినగారిని అడిగి చెబుతారా?" అనండి, నవ్వుతూ. మా దగ్గర ఆ ప్రశ్న వేసిన ఏడాది ముగ్గురు మగవాళ్లు పొయ్యి దగ్గరికి వెళ్లారు. అందులో ఒకాయన దద్దోజనం ఇప్పటికీ మా మెనూలో ఉంది.

వంట రానివాళ్ల సంగతేమిటి?

పై అంతస్తులో నైట్ షిఫ్ట్ చేసే కుర్రాళ్లు ఉంటారు. స్టవ్ కూడా సరిగ్గా ఉండదు. వాళ్లను వదిలేయకండి. "తమ్ముడూ, మీరు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు, విస్తళ్లు 50, చెత్త సంచులు చూసుకోవాలి" అనండి. బొబ్బట్లు తెచ్చినవాళ్లకు ఎంత థాంక్స్ చెప్పారో నీళ్లు తెచ్చినవాళ్లకూ అంతే చెప్పండి. స్వీట్ షాపులో కొని తెచ్చినా తెచ్చినట్టే. ఇంట్లో చేసిందా, కొన్నదా అని ఎవరైనా ఆరా తీస్తుంటే మాట మార్చేయండి. ఆ ఒక్క ప్రశ్నతో మనిషి మళ్లీ ఏడాది రాకుండా పోతాడు.

ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ఇల్లు ఒకటి ఉంటుంది. మీకు తెలుసు. వాళ్లను మార్చే పని ఈ ఆదివారం పెట్టుకోకండి. వాళ్లకు అరటిపళ్లు, కిళ్లీలు రాయండి. అవి చివర్లో వస్తే చాలు. తెల్లన్నం మాత్రం చెప్పిన టైముకు పది నిమిషాలు ముందే వచ్చే ఇంటికి ఇవ్వండి.

ఇప్పుడు లెక్క

పాట్‌లక్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు తక్కువపడటం అనుకుంటాం. నిజానికి మిగిలిపోవడమే ఎక్కువ. ప్రతి ఇల్లూ 40 మందికీ సరిపడా చేస్తుంది. పన్నెండు రకాలున్నప్పుడు ఎవరూ పన్నెండు పూర్తి వడ్డనలు తినరు. కాబట్టి "ఎంత" అన్నది మీరే చెప్పాలి. మొహమాటం వద్దు.

పెద్దవాళ్లకు తలకు 100 గ్రాముల బియ్యం, పిల్లలకు అందులో సగం పైచిలుకు. పులిహోర నుంచి తెల్లన్నం దాకా అన్నీ కలిపే ఈ లెక్క. 30 మంది పెద్దలు, పదిమంది పిల్లలు ఉంటే నాలుగు కిలోల లోపే. మేం ఇలా పంచుకుంటాం:

• పులిహోరకు కిలో బియ్యం, దద్దోజనానికి ముప్పావు కిలో, చక్కెర పొంగలికి అరకిలో, తెల్లన్నానికి కిలోన్నర.

• పప్పుకు కిలో కందిపప్పు. తోటకూరో, పాలకూరో కలిపితే ఇంకా తగ్గించవచ్చు.

• గుత్తి వంకాయ మనిషికి రెండు. అంటే 80 కాయలు. ఒకే ఇంటి మీద వేయకండి, రెండిళ్లకు 40 చొప్పున ఇవ్వండి. రెండు రుచులూ వస్తాయి.

• పెరుగు నాలుగు లీటర్లు. ఇది మీ పేరు మీదే రాసుకోండి. అందరూ మర్చిపోయేది ఇదే, అందరూ చివర్లో అడిగేదీ ఇదే.

• అప్పడాలు 80. పొద్దున్నే వేయించి డబ్బాలో గట్టిగా మూత పెట్టాలి.

స్వీట్లు రెండు దాటనివ్వకండి. మూడో స్వీట్ తెస్తానని ఎవరైనా అంటే వద్దని చెప్పడం మీకు కష్టంగా ఉంటుంది. వద్దు అనకండి, దారి మళ్లించండి. "వదినా, స్వీట్లు రెండయ్యాయి. మీరు వడియాలు, ఊరమిరపకాయలు వేయించి తెస్తే విస్తరి నిండుగా ఉంటుంది." ఆవిడ ఉత్సాహం అలాగే ఉంటుంది. మీ మెనూ కూడా అలాగే ఉంటుంది.

తేదీ విషయం కూడా ఇక్కడే తేల్చేద్దాం. కార్తీక సోమవారాలు చాలామంది ఉపవాసం ఉంటారు. నక్షత్రాలు చూసేదాకా తినరు. ఆదివారం పెట్టుకోండి, అదీ ఏకాదశి కాకుండా చూసుకోండి. ఉల్లి, వెల్లుల్లి ఈ నెలంతా ముట్టనివాళ్లు ఉంటారు. మెనూ మొత్తం అవి లేకుండానే చేస్తే ఎవరూ విడిగా కూర్చోనక్కర్లేదు. నా ఓటు దానికే. పల్లీలు పడని పిల్లలు, షుగర్ ఉన్న పెద్దలు ఎవరెవరున్నారో ముందే అడగండి. పులిహోరలో పల్లీలు, జీడిపప్పు ఉంటే మూత మీద ఒక టేపు ముక్క అంటించి రాయించండి. అదే టేపు మీద గిన్నె ఎవరిదో, ఫ్లాట్ నంబర్ ఎంతో కూడా రాస్తే సాయంత్రం మీ పని సగం తగ్గుతుంది.

ఉసిరి చెట్టు ఉన్న తోట దొరికితే బంగారం. అక్కడ ముందుగా అనుమతి తీసుకోండి, నీళ్ల వసతి ఉందో లేదో కళ్లతో చూసి రండి. చెట్టు దొరక్కపోతే ఉసిరి కొమ్మ తెచ్చి సెల్లార్ పక్కన ఖాళీ స్థలంలోనే నిలబెట్టుకోవచ్చు. తోట దొరకలేదని వాయిదా వేయకండి. ఒకసారి వాయిదా పడితే ఆ నెల దాటిపోతుంది.

గడియారం వెనక్కి తిప్పండి

ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. ఎందుకంటే ఇది పిల్లల, పెద్దల ఆరోగ్యం సంగతి.

వండిన ఆహారం మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వేడివి 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లనివి 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో ఉన్నది సూక్ష్మజీవులకు పండగ. తెల్లన్నం మనకు అమాయకంగా కనిపిస్తుంది కానీ దానితోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. తర్వాత మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు.

భయపడమని చెప్పడం లేదు. వెనక నుంచి లెక్కపెట్టమంటున్నాను. ఒంటిగంటకు వడ్డన. అంటే పన్నెండుంపావుకు గిన్నెలు రావాలి. తెల్లన్నం, పప్పు పొయ్యి మీద నుంచి దిగేది పన్నెండు గంటల ప్రాంతంలో. దించిన వెంటనే హాట్‌ప్యాక్‌లోకి. "పొద్దున్నే ఆరింటికే అన్నీ చేసి పెట్టేశా" అని ఎవరైనా గర్వంగా అంటే మెచ్చుకోండి, కానీ వచ్చే ఏడాది వాళ్లకు పులిహోర రాయండి. చింతపండు పులుపు వల్ల పులిహోర తొందరగా పాడవదు. మన పెద్దవాళ్లు ప్రయాణాలకు దాన్నే మూట కట్టింది అందుకే. దూరం నుంచి వచ్చే బంధువులకు కూడా అదే సరైన వంటకం. కొబ్బరి పచ్చడి మాత్రం పక్క బ్లాక్‌లో ఉన్నవాళ్లకే ఇవ్వండి, ఆఖర్న రుబ్బి తెస్తారు.

దద్దోజనానికి ఒక చిట్కా. మెత్తగా వండిన అన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలపమనండి. భోజనాల వేళకు పులవకుండా కమ్మగా ఉంటుంది.

గుర్తుచేయడం కూడా మీ పనే. వారం ముందు అడిగారు. బుధవారం ఒక మెసేజ్: "అక్కా, సరుకులు తెచ్చుకున్నారా? వంకాయలు రైతుబజార్‌లో తెమ్మంటారా?" శనివారం సాయంత్రం ఇంకొకటి: "రేపు పన్నెండుంపావు." ఇలా అడిగితే నస అనుకుంటారని మీకు భయం. నాకూ ఉండేది. కానీ గుర్తుచేసినందుకు నన్ను విసుక్కున్నవాళ్లు ఒక్కరూ లేరు. మర్చిపోయి ఖాళీ చేతులతో వచ్చి సిగ్గుపడినవాళ్లను మాత్రం చూశాను. మీ చిన్న మెసేజ్ వాళ్లను ఆ సిగ్గు నుంచి కాపాడుతుంది. పంపండి.

ఆ రోజు మీరు వంటగదిలో ఉండకూడదు

పెరుగు తప్ప మీ పేరు మీద ఏమీ పెట్టుకోవద్దు. "ఎందుకైనా మంచిది, నేనూ నాలుగు రకాలు చేసి పెడతా" అనే ఆలోచన శుక్రవారం రాత్రి వస్తుంది. తప్పకుండా వస్తుంది. దానికి లొంగకండి. మీరు చాటుగా నాలుగు రకాలు చేస్తే, మిగతావాళ్ల మీద మీకు నమ్మకం లేదని చెప్పినట్టే. నమ్మడం ప్రాక్టీస్ చేయడానికి ఇంతకన్నా మంచి ఆదివారం దొరకదు. ఎవరో ఒకరు రాకపోవచ్చు. ఒక కూర తగ్గుతుంది. పన్నెండింటిలో ఒకటి తగ్గినందుకు ఎవరూ ఆకలితో లేవరు.

వడ్డనకు నలుగురిని ముందే అనుకోండి. ప్రతి గిన్నెకు దాని గరిటె. గరిటెలు అందరూ మర్చిపోతారు, మీరు ఆరు అదనంగా పట్టుకెళ్లండి. పిల్లల్ని, పెద్దవాళ్లను మొదటి పంక్తిలో కూర్చోబెట్టండి.

తర్వాత మీరు చేయాల్సిన పని ఒకటే. గిన్నెల్ని చూడండి. ఒక గిన్నె దగ్గరికి ఎవరూ వెళ్లడం లేదు. ఉప్పు ఎక్కువైందో, అడుగంటిందో. తెచ్చినావిడ దూరం నుంచి అటే చూస్తూ ఉంటుంది. మీరు విస్తరి పట్టుకుని నేరుగా అక్కడికే వెళ్లండి. రెండు గరిటెలు వేసుకోండి. తినండి. ఇంకొకరిని పిలిచి వాళ్ల విస్తట్లోనూ వేయండి. "ఎవరి వంట బెస్ట్" అని పోటీలు, ఓట్లు పెట్టకండి. సరదాకి కూడా వద్దు.

మొదట్లో చెప్పిన పిన్నిగారు నిజంగానే ఉన్నారు. మా రెండో అంతస్తులో ఒక్కరే ఉంటారు. పిల్లలు విదేశాల్లో. ఆ ఏడు పులిహోరల ఏడాది మేమందరం ఆవిడతో ప్రేమగానే అన్నాం: "మీరేం తేకండి, ఊరికే వచ్చి కూర్చోండి చాలు." ఆవిడ వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. తిని, అందరికన్నా ముందే పైకి వెళ్లిపోయారు.

మరుసటి ఏడాది ఫోన్ చేసి గోంగూర అడిగాను. కొన్ని క్షణాలు అటునుంచి మాట లేదు. తర్వాత ఎర్ర గోంగూరా, తెల్ల గోంగూరా అని అడిగారు. ఆ వారంలో మూడుసార్లు ఫోన్ చేశారు. పులుపు ఎంత, కారం ఎంత, పిల్లలు తింటారా అని. ఆదివారం పన్నెండు కాకముందే జాడీ పట్టుకుని దిగారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ప్రతి విస్తరి దగ్గరికీ వంగి తనే వడ్డించారు.

వయసు మీద పడినవాళ్లను, ఒంటరిగా ఉన్నవాళ్లను, కొత్తగా దిగినవాళ్లను "మీకెందుకు శ్రమ" అని పక్కన పెట్టకండి. ముందు వాళ్లనే అడగండి. చిన్న గిన్నె, సులువైన వంట, కానీ వాళ్ల పేరు మీద. మీ నోట్‌బుక్‌లో మొదటి మూడు పేర్లు వాళ్లవే ఉండనివ్వండి.

భోజనాలయ్యాక ఇంకో గంట పని ఉంది. విస్తళ్లు సంచుల్లోకి. మిగిలినవాటిలో పాడయ్యేవి ఏవో చూసి పక్కన పెట్టేయండి. వాచ్‌మన్ కుటుంబానికి మాత్రం మిగిలినవి కాదు, వేడిగా ఉన్నప్పుడే, మనం తినకముందే తీసి ఇవ్వండి. చాపలు మడవకముందే నోట్‌బుక్ తెరిచి వచ్చే ఏడాది ఎవరు నడిపిస్తారో అడగండి. అందరూ కడుపునిండా తిని ఉన్నారు, ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. గిన్నెలు టేపు చూసి ఎవరివి వాళ్లకు చేర్చండి.

మన ఇళ్లలో ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటారు కదా. పిన్నిగారి జాడీ కడిగి, ఉసిరికాయలు నింపి తీసుకెళ్లి ఇచ్చాను. పదిరోజులకు ఆ జాడీ మళ్లీ మా ఇంటికి వచ్చింది, నిండా ఉసిరికాయ పచ్చడితో.